బల్లి పడకపోవుటకు సంజాయిషీ

మా జిల్లా విజ్ఞాన కేంద్రానికి బల్లి మంజూరైంది.

ఈ మాట విని నవ్వేవాళ్లు ప్రభుత్వోద్యోగం చేసి ఉండరు. మంజూరు కానిదే మాకు మంచినీళ్ల కుండ కూడా రాదు. ఆ మాటకొస్తే మంజూరు కాని బల్లులు మా హాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ట్యూబులైటు వెనక ఒక జంట కాపురం చేస్తోంది. నేను సూపరింటెండెంటుగా చేరేనాటికే అవి ఇక్కడ సీనియర్లు. వాటిని చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనలేదు, వాటి మీద ఎవరూ జీవో ఇవ్వలేదు. కాబట్టి అవి లెక్కలోకి రావు.

మంజూరైంది మరబల్లి. రాజధానిలో పెద్దలెవరో విదేశం వెళ్లి, అక్కడ మరకుక్క వెంట జనం పడటం చూసి వచ్చారట. వచ్చీ రాగానే 'జంతు ప్రేరిత యంత్రముల ద్వారా ప్రజానీకమునందు విజ్ఞానాసక్తి పెంపొందించు పథకము' పుట్టింది. పక్క జిల్లాకు చేపనిచ్చారు. దాని పక్క జిల్లాకు గబ్బిలాన్ని ఇచ్చారు. పలుకుబడి ఉన్న జిల్లా ఒకటి ఏకంగా ఏనుగును తోలుకుపోయింది. మా డైరెక్టరు గారు నెమలి కావాలని రాస్తే బల్లి వచ్చింది.

పెట్టె మీద దాని పేరు గృహగోధిక-1 అని ఉంది. జానెడు పొడవు, బూడిదరంగు రబ్బరు చర్మం, పాదాల కింద కంటికి ఆననంత సన్నటి నూగు. ఆ నూగుతోనే అసలు బల్లి కూడా గోడను పట్టుకుంటుందనీ, అందులో జిగురూ బంకా ఏమీ లేవనీ దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం చదివిన మనిషి మా కేంద్రంలో ఒక్కతే. ఆమె చెబితే నాకు తెలిసింది.

ఆమె పేరు మద్దాల వకుళ. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి మా దగ్గర ఒప్పందం మీద ప్రదర్శకురాలిగా పనిచేస్తోంది. వచ్చినవాళ్లకు వస్తువులు చూపించి వివరించడం ఆమె పని. మా కేంద్రానికి వచ్చేది రెండు రకాల వాళ్లు. మాష్టార్లు వరసకట్టించి తోలుకొచ్చే పిల్లలు, ఎండకు తాళలేక కూలరు కోసం వచ్చే పెద్దలు. వకుళ ఇద్దరికీ ఒకే శ్రద్ధతో చెప్పి, చివర "ప్రశ్నలేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగేది. పిల్లలు "బాత్రూం ఎక్కడండీ?" అనేవాళ్లు. పెద్దలు "ఆ కూలరు కాస్త ఇటు తిప్పుతారా అమ్మా?" అనేవాళ్లు. చేరిన నాటినుంచి ఆ పిల్ల మూడో ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉంది.

బల్లి వెంట ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. 'ప్రజా నిమగ్నత కానరాని కేంద్రములయందు ప్రదర్శకుల ఒప్పందములు రద్దగును. కానవచ్చిన కేంద్రములయందు సదరు ప్రదర్శకుల సేవలు క్రమబద్ధీకరించుట పరిశీలింపబడును.' అంటే బల్లి జనాన్ని రప్పిస్తే వకుళ ఉద్యోగం పర్మినెంటు. రప్పించకపోతే ఆమె ఇంటికి. ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతేనని నాకు తెలుసు. అందుకని మొదటి ప్రదర్శన రోజున నా పని మానుకుని నేను కూడా హాల్లో నిలబడ్డాను.

ఆ రోజు కూలరు ముందు గుబ్బల గంగరాజు కూర్చుని ఉన్నాడు. కొబ్బరికాయల వ్యాపారి. మార్కెట్టు యార్డులో లారీ రావడం ఆలస్యమైతే మా దగ్గర కునుకు తీసి వెళ్లడం ఆయనకు అలవాటు. వకుళ బల్లిని గోడకు ఆనించి మీట నొక్కింది. అది నాలుగడుగులు వేసి, ఆగి, తల అటూ ఇటూ తిప్పి, నిజం బల్లిలాగే పాకింది. నేను నోరు తెరుచుకుని చూశాను. గోడ దాటి కప్పు మీదికి ఎక్కింది. సరిగ్గా గంగరాజు నెత్తికి కాస్త పక్కగా వచ్చాక పట్టు జారి పడింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. వకుళ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయ్యో! దెబ్బ తగిలిందా అండీ?"

"దెబ్బ సంగతి తరవాతండి మేడంగారూ. ముందిది చెప్పండి. ఏ చెవి మీద పడిందండీ ఇది?"

"ఎడమ చెవి మీదండీ."

"ఎవరన్నా పంచాంగం తెండి బాబూ!"

సర్కారీ ఆఫీసులో అడిగిన ఫైలు దొరక్కపోవచ్చు గాని పంచాంగం లేని సొరుగు ఉండదు. అటెండరు పుల్లేశు పరుగున తెచ్చాడు. బల్లిపాటు ఫలితాల పేజీ తీసి నేనే చదివాను. పురుషులకు ఎడమ చెవి, లాభము.

"అది మరబల్లండీ," అంది వకుళ. "మా కప్పుకి సున్నం పెచ్చులు కదా, ఆ పొడి పాదాలకి అంటుకుని జారింది. అంతేనండీ."

"ఎలా జారితేనేమండి? పడిందా లేదా?"

ఈ ప్రశ్నకు ఎమ్మెస్సీలో జవాబు లేదు. పైగా ఇది కూడా ఆమె ఎదురుచూసిన ప్రశ్న కాదు.

ఆ మర్నాడు కొబ్బరికాయ ధర పెరిగింది. ఉత్తరాదిన పండగ దగ్గరపడితే ఏటా పెరుగుతుంది. కాని గంగరాజు కృతజ్ఞత గల మనిషి. అరటిపళ్ల అత్తం పట్టుకుని, బావమరుదుల్నీ వాళ్ల బంధుకోటినీ వెంటబెట్టుకుని వచ్చాడు. బల్లి పళ్లు తినదని వకుళ చెబితే నొచ్చుకుని, "మరేం పెడతారండీ దానికి?" అన్నాడు. "కరెంటండీ," అంది. "ఆయ్, అయితే సరిగ్గా పెట్టండి. చిక్కిపోయినట్టుంది," అన్నాడు.

వారం తిరక్కుండా మా గేటు ముందు వరస రోడ్డెక్కింది. జనానికి ఏ అంగం మీద పడితే ఏమిటో కంఠతా వచ్చేసింది. చేతివేళ్ల మీద పడితే స్నేహితుల రాక. పాదాల వెనక పడితే ప్రయాణం. ప్రయాణమంటే ఉద్యోగస్తుల పంచాంగంలో బదిలీయే కదా. మన్యంలో చిక్కుకుపోయిన బొబ్బా వీరభద్రం మాష్టారు సెలవు పెట్టి వచ్చి, మా హాలు నేల మీద బోర్లా పడుకుని, పంచె మోకాళ్లదాకా లాక్కుని, పాదాలు పైకి పెట్టి బల్లి కోసం ఎదురుచూశారు.

"మాష్టారూ, అసలు బల్లి పాదంలో ఏముంటుందంటే..." అని వకుళ ఆయన పక్కన గొంతుక్కూర్చుని మొదలుపెట్టింది.

"తరవాత వింటానమ్మా. ఇప్పుడు నన్ను కదిలించకు, పిక్క మీద పడుతుంది."

తల మీద పడితే కలహం కాబట్టి గేటు దగ్గర హెల్మెట్లు అద్దెకిచ్చే బడ్డీ ఒకటి వెలిసింది. మా ఊరి పోలీసులు ఏళ్లతరబడి మైకుల్లో అరిచి తలకెక్కించలేని హెల్మెట్టును బల్లి వారంలో ఎక్కించింది. ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా అద్దెకు తీసుకున్నారు.

ఇదంతా జరిగేటప్పుడు డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమరావు గారు ఊళ్లో లేరు. 'ప్రజలతో మమేకమగుట ఎట్లు' అనే శిక్షణ కోసం రాజధానిలో ఒక హోటలు గదిలో తలుపులు వేసుకుని ఉన్నారు. తిరిగొచ్చి హాలు చూసి ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఇది విజ్ఞాన కేంద్రమా, జాతకాల దుకాణమా? ఎవరయ్యా ఇదంతా అనుమతించింది?"

నేను ఎదురుచెప్పకుండా సందర్శకుల పట్టీ ముందుపెట్టాను. ఆయన చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు.

"ఉత్తర్వులో ఏముంది? ప్రజా నిమగ్నత అని కదా?"

"అవునండి."

"దేనియందు నిమగ్నత అని ఉందా?"

"లేదండి."

"ఇక మనకు అభ్యంతరమేమిటి? ప్రజలు నిమగ్నులై ఉన్నారు. కొందరు బోర్లా పడుకుని మరీ నిమగ్నులై ఉన్నారు. శిక్షణలో సరిగ్గా ఇదే చెప్పారు, ప్రజలు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితికి మనం దిగాలి అని."

మర్నాటికి హాలు ముందు 'గురుత్వాకర్షణ అనుభవ విభాగము' అని బోర్డు వెలిసింది. నేల మీద పసుపు రంగుతో గళ్లు గీసి 'లాభము', 'ప్రయాణము', 'మిత్రాగమనము' అని రాయించారు. ఆడవాళ్లకు ఫలితాలు వేరు కాబట్టి వాళ్లకు వేరే వరస పెట్టారు. కుడి భుజం విషయంలో ఒక పంచాంగానికీ ఇంకో పంచాంగానికీ పొత్తు కుదరక జనం కొట్టుకునేదాకా వచ్చింది. అందుకని డైరెక్టరు గారు 'ఫలిత సమన్వయ సంఘము' వేశారు. అందులో అందరూ డాక్టరేట్లే. జనం తృప్తి కోసం ఊళ్లో పేరున్న సిద్ధాంతి గారిని కూడా పిలిచారు.

సిద్ధాంతి గారు కళ్లద్దాలు పెట్టుకుని బల్లిని అరచేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశారు.

"ఇది పురుగుల్ని తింటుందా నాయనా?"

"తినదండి."

"గుడ్లు పెడుతుందా?"

"పెట్టదండి."

"అయితే ఇది బల్లి కాదు. శాస్త్రంలో చెప్పింది ప్రాణమున్న బల్లి గురించి. ఇది పడితే అటక మీంచి చెంబు పడ్డట్టే. దీనికి ఫలితం లేదు."

సంఘంలో కలకలం పుట్టింది. డైరెక్టరు గారు చిరునవ్వుతో సర్దిచెప్పబోయారు.

"సిద్ధాంతి గారూ, తమరు మరీ ఛాందసంగా ఆలోచిస్తున్నారు. శాస్త్రమన్నాక కాలంతోపాటు ముందుకు వెళ్లాలి."

"వెళ్లండి నాయనా. నేను ఇక్కడే ఉంటాను," అన్నారు ఆయన. 'బల్లి యనగా ప్రాణమున్నదియు, లేనిదియు' అని సంఘం తీర్మానించింది. ఒప్పుకోనివారు సిద్ధాంతి గారు ఒక్కరే. బయటికి వెళుతూ ఆయన వకుళను పక్కకు పిలిచి, "ఆ నూగు సంగతేదో చెబుతున్నావట. ఎప్పుడైనా తీరిగ్గా చెప్పమ్మా, వింటాను," అన్నారు. ఆ రోజు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. కాని ఆ గుంపులో ఆ తీరిక ఎక్కడ దొరుకుతుంది?

కొన్నాళ్లకు ట్రెజరీ అధికారి లాభం గడిలో నిలబడితే బల్లి గురితప్పి ఎడమ మూపు మీద పడింది. రాజభయము. ఆయన ఇంటికి వెళ్లి పడకేశాడు. మా బిల్లులు కూడా ఆయనతోపాటే పడకేశాయి. కంచిలో బంగారు బల్లిని తాకితే దోషం పోతుందని అందరికీ తెలిసిందే. కాని ఎంతమందినని కంచికి పంపగలం? డైరెక్టరు గారు పైకి రాసి, బంగారు పూత పూసిన రెండో మరబల్లిని తెప్పించారు. 'దుష్ఫలిత ఉపశమన యంత్రము' అని దాని పేరు. అది నడవదు. స్టూలు మీద కూర్చుంటుంది. పడే బల్లి ఒక గదిలో, తాకే బల్లి ఇంకో గదిలో. ఇంత సమగ్రంగా విజ్ఞానం అందించే కేంద్రం రాష్ట్రంలో ఇంకొకటి లేదని పత్రికలవాళ్లు రాశారు.

ఈ సందడిలో వకుళ పాపం తన పని తాను చేసుకుంటోంది. ఒకనాడు బల్లి పాదాలను తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి వదిలింది. ఆ రోజు అది కప్పులో సగం దాటేదాకా పడలేదు. మధ్యాహ్నం మళ్లీ తుడిచింది. ఇంకా దూరం వెళ్లింది. సాయంత్రానికి లంకగ్రామాల నుంచి వచ్చినవాళ్లు గోల పెట్టారు.

"పొద్దున్నుంచి పడుకున్నామండి బాబూ! వీపులు పట్టేసినియ్యి. ఈ బల్లికేం పుట్టిందండీ, పడదేంటి?"

వకుళకు మెమో వచ్చింది. 'సదరు యంత్రము కప్పును అంటిపెట్టుకొని యుండుట ప్రజాప్రయోజనములకు భంగకరము. ఇకపై పాదములు తుడవరాదు.' ప్రతి సోమవారం హాలుకు కొత్తగా సున్నం వేయాలని కూడా ఆదేశించారు. వకుళ తిరుగు జవాబు రాసింది. పొడి రాలని నున్నటి తలం మీద, శుభ్రమైన పాదాలతో ఈ బల్లి పడదు, పడకుండా నడవడానికే దీన్ని తయారుచేశారు అని. నేను దాన్ని ఫైల్లో పెట్టాను. ఫైల్లో పెట్టడం నా పని. చదవడం పైవాళ్ల పని.

అంతలో మంత్రిగారు వస్తున్నారన్నారు.

ఆయనకు పెద్ద శాఖ మీద మనసుందని ఊరంతా తెలుసు. మణికట్టు మీద బల్లి పడితే అలంకారప్రాప్తి. పెద్ద శాఖను మించిన అలంకారం రాజకీయంలో ఏముంది? మంత్రిగారి కుడి మణికట్టు మీద గృహగోధిక-1 పడేట్టు కార్యక్రమం ఖరారైంది. ఆ గౌరవార్థం హాలును ముస్తాబు చేశారు. పాత ట్యూబులైట్లు పీకేసి, సున్నం గీకించి, కప్పంతా అద్దపు పలకలు బిగించారు. ముఖం చూసుకోవచ్చు. ట్యూబులైటు వెనకున్న మా పాత జంట దిక్కులేనిదైపోయి గోడ అంచుల వెంట తిరగసాగింది.

నేను ఉండబట్టలేక వకుళ రాసిన జవాబు తీసి డైరెక్టరు గారికి చూపించాను. "అద్దం నున్నగా ఉంటుందండి. దాని మీద బల్లి పడదని ఇందులో ఉంది."

"ఏమయ్యా, మంత్రిగారిని సున్నం పెచ్చుల కింద నిలబెట్టమంటావా?" అని ఆయన వకుళను పిలిపించారు. "చూడమ్మా, నిన్ను క్రమబద్ధీకరించే కాగితం టైపు చేయించి ఉంచాను. బల్లి మణికట్టు మీద పడగానే మంత్రిగారి చేత సంతకం పెట్టిస్తాను. పడకపోతే నీ ఒప్పందం సంగతి నీకే తెలుసు."

"అద్దం మీద అది పడదండి సార్."

"ఆ పాదాలకు సున్నప్పొడి అద్దు. పుల్లేశు పొట్లం ఇస్తాడు."

సున్నానికీ పాదానికీ ఉన్న సంబంధం డైరెక్టరు గారికి ఇంత బాగా తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున సామాను గదిలోకి తొంగిచూశాను. వకుళ బల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక పక్క సున్నం పొట్లం, ఇంకో పక్క తడిగుడ్డ.

"ఏం చేస్తావమ్మా?"

"మా అమ్మకి ఈ రోజు సంతకం అయిపోద్దని చెప్పాను సార్. పొద్దున్నే గుడికి కూడా వెళ్లొచ్చింది." కాసేపు బల్లి పాదాల్ని వేలితో నిమిరింది. "దీన్ని చేసినోళ్లు ఎన్నాళ్లు కష్టపడి ఉంటారు సార్, నడవాలని. మనం పడెయ్యడానికి పెట్టుకున్నాం. ఒక్కసారి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, పడకుండా పోతుంటే చూడాలనుంది నాకు."

వయసులో పెద్దవాణ్ణి. 'పిచ్చిపిల్లా, ముందు పొట్లం విప్పు' అనాల్సినవాణ్ణి. ఆమె తడిగుడ్డ అందుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

హాలు కిక్కిరిసింది. మంత్రిగారు 'అలంకారము' అని కొత్తగా గీసిన గడిలో నిలబడి, కోటు చెయ్యి పైకి మడిచి, కుడిచెయ్యి చాపారు. సన్నాయి ఆగింది. వకుళ మీట నొక్కింది. బల్లి గోడెక్కి, అద్దం మీదికి చేరి, మంత్రిగారి మణికట్టుకు సూటిగా పైకొచ్చి ఆగింది.

"పడు తల్లీ, పడు!" అన్నాడు గంగరాజు చేతులు జోడించి.

బల్లి తల అటూ ఇటూ తిప్పింది. తోక కదిపింది. ముందుకు సాగింది. మంత్రిగారు చెయ్యి అలాగే పట్టుకుని దాని వెంట రెండు గళ్లు నడిచారు. అది ఆగలేదు. అద్దం పొడవునా తన నీడను తాను తొక్కుకుంటూ అవతలి గోడకు చేరి, నింపాదిగా కిందికి దిగి, దాని బల్ల మీదికొచ్చి ఆగింది.

అంత హాల్లో వకుళ ఒక్కతే చప్పట్లు కొట్టింది. రెండు కళ్లలోనూ నీళ్లు. నేను కూడా ఒకసారి చప్పట్లు చరిచి, డైరెక్టరు గారు చూసేసరికి దోమను కొట్టినట్టు చెయ్యి దులుపుకున్నాను.

సరిగ్గా అప్పుడే కొంప పోగొట్టుకున్న మా పాత జంట గోడ అంచు మీద ఒకదాన్నొకటి కరుచుకుంది. అందులో ఒకటి పట్టుతప్పి మంత్రిగారి బట్టతల మీద టప్పున పడింది.

"భేష్!" అన్నారు మంత్రిగారు. "ఎంత సహజంగా ఉందయ్యా! చల్లగా కూడా ఉంది."

"తాజా నమూనా సార్. గృహగోధిక-2," అన్నారు డైరెక్టరు గారు.

బల్లి కిందికి దూకి పారిపోయింది. తోక మాత్రం మంత్రిగారి భుజం మీద గిలగిల కొట్టుకుంటోంది.

"తోక విడిపోవు సౌకర్యం కూడా కల్పించడమైనది సార్."

ముందు వరసలో కూర్చున్న సిద్ధాంతి గారు లేచి, దగ్గరికొచ్చి, తోకను పరీక్షగా చూశారు.

"బాబూ, ఇది పురుగుల్ని తింటుంది. గుడ్లు కూడా పెడుతుంది. ఇప్పుడైతే ఫలితం చెప్పొచ్చు. శిరస్సు. కలహము."

మంత్రిగారి ముఖం పాలిపోయింది. డైరెక్టరు గారు ఆయన్ని పక్క గదిలోని బంగారు బల్లి దగ్గరికి నడిపించబోయారు. "అది బల్లి కాదు నాయనా, బొమ్మ. ఎంత తాకినా ఒకటే," అన్నారు సిద్ధాంతి గారు. మంత్రిగారి కారు ఊరేగింపు దారి మార్చి అటునుంచి అటే కంచి బాట పట్టింది. క్రమబద్ధీకరణ కాగితం డైరెక్టరు గారి చేతిలోనే నలిగిపోయింది.

మర్నాడు వకుళకు మెమో. 'పడవలసిన బల్లి పడకపోవుటకును, మంజూరు కాని బల్లి పడుటకును సంజాయిషీ ఇచ్చుకొనవలెను. పిమ్మట ఒప్పందము రద్దుచేయబడును.' ఆమె రెండో దానికి ఒక వాక్యం రాసింది, ఇల్లు పోతే ఎవరైనా కొట్టుకుంటారని. మొదటి దానికి పేజీ నిండా బల్లి పాదం గురించి రాసింది. నూగు చివర ఎలా చీలి ఉంటుందో, ఆ చీలికలు గోడకు ఎంత దగ్గరగా ఆనుతాయో బొమ్మ గీసి మరీ చూపించింది. కాగితం నా చేతికిచ్చి, "వెళ్లొస్తాను సార్," అంది.

"ఎక్కడికమ్మా వెళ్లడం? రూలుంది కదా."

ఉంది. పాతది. మనిషిని తీసేసే ముందు ఆ మనిషి ఇచ్చిన సంజాయిషీని ప్రతి అంచెలోని అధికారీ స్వయంగా చదివి, 'అర్థమైనది' అని రాసి సంతకం చెయ్యాలి. చదవాల్సి వస్తుంది కాబట్టి ఆ రూలును ఎవరూ వాడరు. నేను బూజు దులిపి, సంజాయిషీకి జతచేసి, డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. నేను చేసింది రూలు పాటించడమే. అంతకుమించి ఇంకేం లేదని ఎవరడిగినా చెబుతాను.

ఆయన 'అర్థమైనది' అని రాయబోయి ఆగారు. వకుళను పిలిచారు.

"నూగుంటే అంటుకుంటుందని రాశావు. నా చేతికీ వెంట్రుకలున్నాయి కదా." చొక్కా చెయ్యి పైకి లాగి ముంజెయ్యి గోడకు ఆనించారు. "ఇదెందుకు అంటుకోదు?"

వకుళ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. బాత్రూం కాదు, కూలరు కాదు. ఇన్నాళ్లకు మూడో ప్రశ్న వచ్చింది.

"మీ వెంట్రుక గోడకి దూరంగా ఉండిపోద్దండి. బల్లి వెంట్రుక కొస మళ్లీ వందల పోగులుగా చీలి, గోడకి బాగా దగ్గరగా ఆనుద్ది. అంత దగ్గరైతే గోడా, పోగూ ఒకదాన్నొకటి లాక్కుంటాయండి. ఒక్కో పోగు లాగేది లెక్కలోకి రాదు. లక్షల పోగులు కలిస్తే బల్లిని మోస్తాయి."

డైరెక్టరు గారు ముంజేతిని చాలాసేపు చూసుకున్నారు. భోజనానికి ఆలస్యంగా వెళ్లారు. ఫైలు మీద మాత్రం 'అర్థమైనది' అని రాయలేదు. 'తిరిగి వేరుపడునప్పుడు పాదము ఎట్లు ఊడివచ్చును? వివరణ కోరడమైనది' అని రాశారు.

వకుళ ఆ వివరణ రాసింది. ఫైలు పైకి వెళ్లింది. అక్కడినుంచి 'పాదములు తడిసినచో?' అని వెనక్కి వచ్చింది. ఆమె గాజు పలక మీద నీళ్లు చల్లి చూసి జవాబిచ్చింది. ఆర్థికశాఖ దాకా వెళ్లి, 'చచ్చిన బల్లి సైతము గోడను వదలదా? వదలనిచో ఆ శ్రమ ఎవరిది?' అని తిరిగొచ్చింది. ఒక్క అధికారి కూడా ఇంతవరకు అర్థమైనదని ఒప్పుకోలేదు. సంజాయిషీ తేలేదాకా ఒప్పందం రద్దు చెయ్యడానికి వీల్లేదు కాబట్టి వకుళ జీతం నెలనెలా వస్తోంది. పర్మినెంటు కాలేదు. ఆ కాగితం ఇంకా నలిగే ఉంది. కాని ఫైలు ఎప్పుడు వస్తుందా అని ఆమె గేటు వైపు చూడటం నేను రోజూ చూస్తున్నాను.

మొన్న ఫైలు మళ్లీ వచ్చింది. ఈసారి మంత్రిగారి స్వదస్తూరీ. కలహం తగిలి ఆయనకు పెద్ద శాఖ రాలేదు. తీరిక దొరికి చదివారు కాబోలు. 'దోశలు అంటుకోని పెనం ఉన్నది గదా. దానిమీద బల్లి నిలుచునా? మా ఇంట్లో వాదన నడుస్తున్నది.'

మర్నాడు వకుళ ఇంటినుంచి పెనం తెచ్చింది. ఆఫీసంతా హాల్లో చేరింది. గంగరాజు లారీని వదిలేసి వచ్చాడు. సిద్ధాంతి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. డైరెక్టరు గారు పెనాన్ని తానే తలెత్తున నిలువుగా పట్టుకున్నారు. వకుళ పాదాలు తుడిచి, ఆరబెట్టి, బల్లిని దానికి ఆనించింది. నాలుగు కాళ్లూ తపతపలాడాయి. గాజును వదలని బల్లి పెనం మీద పట్టు దొరక్క సర్రున జారి, డైరెక్టరు గారి ఎడమ మూపు మీద పడింది.

రాజభయము. పుల్లేశు సొరుగు వైపు ఒకడుగు వేసి ఆగిపోయాడు. వాణ్ణి ఎవరూ చూడటం లేదు. గంగరాజు పెనం మీద వేలు పెట్టి రాస్తున్నాడు.

డైరెక్టరు గారు భుజం కూడా దులుపుకోలేదు.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారు. "ఈసారి పెనం తడిపి."